నిప్పుకట్టు

పూడిరేవులో అగ్గిపుల్ల గీస్తే వెలగడం మానేసిన కొత్తలో జనం దాన్ని వేడుకగానే తీసుకున్నారు. మగవాళ్ళు బీడీ నోట్లో పెట్టుకుని పుల్ల మీద పుల్ల గీసి, పెట్టె ఖాళీ చేసి, దీని తస్సాదియ్యా అని నవ్వుకుని, బీడీ చెవి సందున దోపుకుని పోయేవారు. తాము ఏళ్ళ తరబడి పోరినా మానని చుట్టలు సర్కారు మాన్పించిందని ఆడవాళ్ళు సంబరపడ్డారు. ఆ వేడుక ఎన్నాళ్ళుంటుంది? కార్తీకం వచ్చింది, దీపం వెలగలేదు. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది, హోమగుండంలో పోసిన నెయ్యి నెయ్యిలాగే ఉండిపోయింది. పురోహితుడు మంత్రాలన్నీ చదివి, అగ్నిసాక్షిగా అనవలసిన చోట గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. అప్పటినుంచి ఊళ్ళో నవ్వు తగ్గింది.

దాని సర్కారు పేరు శాంతికవచం. ఊరు పెట్టుకున్న పేరు నిప్పుకట్టు. భూతవైద్యుడు దెయ్యానికి కట్టు కట్టినట్టు, రేవుకొండ మీది ఇనపస్తంభాలు ఊరి మొత్తానికి కట్టు కట్టాయి. వాటి నుంచి కంటికి కనపడని కంపనం ఒకటి వస్తుంది. అది చేరినంత మేర దేనికీ మంట అంటుకోదు. కట్టెపొయ్యి అంటుకోదు, పెట్రోలు అంటుకోదు, తుపాకిమందూ అంటుకోదు. బాంబు పడితే బండరాయి పడ్డట్టే. కరెంటు పొయ్యిల మీద అన్నం ఉడుకుతుంది, బ్యాటరీ బళ్ళు తిరుగుతాయి, అంతే. కట్టు హద్దు అటు కొండల దాకా, ఇటు సముద్రంలో చేపల పడవలు పోయేంత దూరం.

దీన్ని కనిపెట్టింది ఏ పైదేశపువాడో కాదు, ఇదే ఊరి పిల్ల. పేరు పొన్నాన హైమావతి. ఊరి బడిలో చరిత్ర పాఠం చెప్పి రిటైరైన అప్పలస్వామి మేష్టారికి ఒక్కగానొక్క కూతురు. పైచదువులు చదివి, రేవుకొండ మీది సర్కారు ప్రయోగశాలకు పెద్ద అధికారిగా తిరిగొచ్చింది.

పెద్ద యుద్ధం రాబోతోందని అందరికీ తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. ప్రపంచమంతా ఉత్తరపు కూటమి, తూర్పు కూటమి అని రెండుగా చీలిపోయింది. మన దేశం మాత్రం నేనెవరి వైపూ కాదంది. కాదంటే ఊరుకుంటారా? ఈ సముద్రంలో ఇద్దరికీ ఒక లోతైన రేవు కావాలి, పూడిరేవు లోతైన రేవు. తూర్పు కూటమి యుద్ధనౌకలు వచ్చి, ఇది ఎవరి అబ్బ సొమ్మూ కాదన్నట్టు హద్దుకు అవతల లంగరు వేసుకుని కూర్చున్నాయి. మబ్బు లేని పూట బీచిరోడ్డు మీద నిలబడితే వాటి నల్లటి ఆకారాలు కనబడేవి. పిల్లలు వేలు పెట్టి చూపించబోతే తల్లులు వీపు మీద ఒకటిచ్చి లోపలికి లాక్కుపోయేవారు. వేలు చూపిస్తే వాళ్ళకు కోపమొస్తుందేమోనని భయం. భయానికి బుద్ధి ఉండదు మరి.

ఊరు కూడా రెండుగా చీలింది. కవచం ఉండాల్సిందేనన్నవాళ్ళు కట్టువాళ్ళు. తీసెయ్యమన్నవాళ్ళు విప్పువాళ్ళు. తమాషా ఏమిటంటే, కట్టువాళ్ళు చెప్పుకునే పేరు హైమావతిది, విప్పువాళ్ళ నాయకుడు ఆవిడ కన్నతండ్రి. గ్రంథాలయం హాల్లో సభ పెడితే జనం కిటికీలెక్కి మరీ చూసేవారు, తండ్రీకూతుళ్ళ కుస్తీ చూద్దామని.

మేష్టారు వేదిక మీద నిలబడి ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. "తటస్థం అంటే చేతులు కనబడేలా నిలబడ్డం. చేతులు దుప్పట్లో పెట్టుకుని, నేనెవరి జోలికీ రానంటే నమ్మేవాడెవడు? అందులో కత్తి తనకోసమే దాచేమని ఇద్దరూ అనుకుంటారు" అన్నారు ఒకసారి.

హైమావతి లేచి, అలాగని ఇల్లంటుకున్నాక బావి తవ్వుకోమంటారా అని అడిగింది. కట్టువాళ్ళు చప్పట్లు కొట్టారు. మేష్టారు చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డారు.

"బావి తవ్వేవు, బాగుందమ్మీ. ఊరందర్నీ అందులో దింపి కూర్చోబెట్టేవు గదా."

హాలంతా గొల్లుమంది. హైమ కూడా నవ్వింది కానీ ఆ మాట ముల్లులా దిగింది. సభ అయ్యాక తండ్రిని తనే బ్యాటరీ బండిలో ఇంటికి తీసుకెళ్ళింది. హైమ తల్లి ఆదెమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టి, ఆ గొడవేదో గుమ్మం అవతల ఒగ్గి రండని ముందే హెచ్చరించింది. అయినా పప్పు కలుపుకుంటూ మళ్ళీ మొదలుపెట్టారు. ఆ రోజు మేష్టారు ఎండాకాలంలో శాలువా కప్పుకుని భోంచెయ్యడం హైమ గమనించింది. గమనించి ఊరుకుంది. ముసలితనం కదా అనుకుంది.

ఆ వారంలోనే ప్రయోగశాలలో మస్తాన్‌వలీ ఆవిణ్ణి కుందేళ్ళ గదికి రమ్మన్నాడు. వలీ ఆవిడకు కుడిభుజం. మాట తక్కువ మనిషి, స్తంభాలు వెయ్యాలన్నా ఆపాలన్నా ఆవిడ తర్వాత అతనికే తెలుసు. కట్టు వల్ల ప్రాణులకు ఏమైనా అవుతుందేమో చూద్దామని అది మొదలైన నాటినుంచీ ఆ గదిలో కుందేళ్ళను పెంచుతున్నారు. వయసులో ఉన్నవి చెంగుచెంగున గెంతుతున్నాయి. ముసలివీ, ఈమధ్యే పుట్టినవీ ఒక మూల ఒకదాని మీదొకటి ఎక్కి ముద్దగా పడి ఉన్నాయి. బయట వడగాలి కొడుతోంది. అవి మాత్రం వణుకుతున్నాయి.

హైమకు సంగతి అర్థమైంది. కట్టు మంటను మాత్రమే ఆపుతుందని ఆవిడ దేశానికంతా మాటిచ్చింది. కానీ తిన్న అన్నం ఒంట్లో అరిగి వేడి పుట్టించడం కూడా ఒక కాలడమే, కాకపోతే మంట లేకుండా నెమ్మదిగా జరిగే కాలడం. ఆ నెమ్మది నిప్పును కూడా కట్టు కొంచెం కొంచెంగా పట్టి లాగుతోంది. గట్టివాళ్ళు తట్టుకుంటారు. ముసలివాళ్ళూ పసివాళ్ళూ తట్టుకోలేరు.

వెంటనే రాజధానికి ఫోన్ చేసింది. యుద్ధం నెత్తిమీదికొచ్చిన వేళ కుందేళ్ళ సంగతేమిటమ్మా అన్నారు అక్కడి పెద్దలు. రేవుకు కాపలాగా వచ్చిన కల్నల్ సాహు అంత ఎకసెక్కంగా మాట్లాడలేదు. మర్యాదస్తుడు. కవచం ఆగిన మరుక్షణం ఆ ఓడలు రేవులో ఉంటాయని మాత్రం నెమ్మదిగా చెప్పాడు. అప్పుడు పోయే ప్రాణాలకంటే చలికి పోయేవి తక్కువే కదా అన్నాడు. అందులో తప్పు పట్టడానికి హైమకు ఏమీ దొరకలేదు. దొరకనందుకే భయం వేసింది.

ఇంటికొచ్చి తండ్రిని కొండల అవతల పిన్నిగారి ఊరికి వెళ్ళమంది. గాలి మార్పు అంది, అక్కడ మామిడిపళ్ళు బాగుంటాయంది. మేష్టారు అంతా విని, శాలువా సర్దుకుని కూతురి మొహంలోకి చూశారు.

"నీ కట్టే నన్ను తింటందని చెప్పడానికి అంత మొహమాటమేటే అమ్మీ?"

ఆవిడ కూలబడి ఏడ్చింది. ఆయన ఓదార్చారు గాని కదలనన్నారు. తను పోతే విప్పువాళ్ళు పారిపోయారంటారట. చలికి వణుకుతున్న ముసలాడు కళ్ళెదురుగా ఉంటే ఏదో ఒకనాటికి ఊరికి బుద్ధి వస్తుందట. మొండిఘటం! తన ఊపిరితోనే ఊరికి పాఠం చెబుదామనుకున్నారు. ఆ తర్వాత వెళ్దామన్నా దారి లేకపోయింది. గూఢచారులు తిరుగుతున్నారని సైన్యం కొండదారులు మూసేసింది.

దారులు మూసెయ్యడంతో ఊరికి ఇంకో ఆపద వచ్చిపడింది. అంతవరకూ చచ్చినవాళ్ళను ఎడ్లబండి మీద హద్దు దాటించి అక్కడ దహనం చేసేవారు. ఇప్పుడు ఆ వీలు లేదు. పూడ్చుకోమంటే ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. నిప్పు చూడని శవానికి గతేముంటుందని గోల పెట్టారు. చివరికి మూతబడ్డ రొయ్యల శీతల గిడ్డంగిలో శవాలను వరసగా పడుకోబెట్టారు. అందులో ముసలివాళ్ళున్నారు, పొత్తిళ్ళలోని పిల్లలున్నారు. ఆ దారిన వెళ్ళేటప్పుడు హైమ తల తిప్పేసుకునేది. లోపల ఉన్నవాళ్ళెవరో, ఎందుకున్నారో ఊళ్ళో అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే.

వైశాఖంలో, రోడ్డు మీద తారు కరిగే ఎండలో, గొంగళ్ళ కింద అప్పలస్వామి మేష్టారు చలికి చచ్చిపోయారు.

ఊరు ఊరంతా కదిలి వచ్చింది. కట్టువాళ్ళూ విప్పువాళ్ళూ అన్న తేడా లేదు, సగం ఊరు ఆయన దగ్గర చదువుకున్నదే. మేష్టారిని రొయ్యల గిడ్డంగిలో పెట్టడానికి వీల్లేదని జనం పట్టుబట్టారు. కట్టు కాసేపు విప్పండి, మావాళ్ళందరికీ నిప్పు పెట్టుకుంటాం, తర్వాత మీ ఇష్టం అన్నారు. కాదంటే కొండెక్కి స్తంభాలు పడగొట్టేట్టున్నారు. కల్నల్ ఆ జనాన్ని చూశాడు, తన సిపాయిల తుపాకులు పేలవని గుర్తుచేసుకున్నాడు, ఒప్పుకున్నాడు.

షరతులు పెట్టాడు. మర్నాడు పట్టపగలు, చితులు కాలేంతసేపే. రుద్రభూమిలో తప్ప ఊళ్ళో ఎక్కడా పొయ్యి గాని, బీడీ గాని, దీపం గాని, పడవ ఇంజను గాని వెలిగించకూడదు. దండోరా వేయించాడు. తన సిపాయిలు ఒక్క తూటా పేల్చకూడదని గట్టిగా చెప్పాడు. అన్నీ ఆలోచించాడు పాపం.

ఆ సాయంత్రం ప్రయోగశాలలో హైమ, వలీ, కల్నల్ ముగ్గురూ కూర్చున్నారు. మేష్టారి ఏకైక సంతానం కాబట్టి తలకొరివి హైమే పెట్టాలి. అంటే ఆ సమయంలో ఆవిడ రుద్రభూమిలో ఉంటుంది, మీట దగ్గర వలీ ఉంటాడు. వాకీటాకీలో ఆవిడ చెప్పినప్పుడు ఆపాలి, చెప్పినప్పుడు వెయ్యాలి. అంతా అయ్యాక వలీ ఎప్పుడూ లేనిది నోరు విప్పాడు.

"ఓడలవాళ్ళకు చెప్పేద్దాం మేడమ్. శవాలు దహనం చేసుకుంటున్నాం, ఇంకేం లేదు అని రేడియోలో చెబుదాం. మేష్టారైతే చెప్పేవారు."

కల్నల్ ఉలిక్కిపడ్డాడు. తలుపు తీసి ఉంటుంది, ఫలానా వేళకు రండని దొంగకు కబురు పెట్టడమే అది అన్నాడు. కట్టు విప్పడం మన చేతిలో ఉందన్న సంగతే వాళ్ళకు తెలియకూడదన్నాడు. చితిపొగ కనబడ్డా ఏదో అనుకుంటారు, అనుకునేలోపు మళ్ళీ వేసేస్తాం అన్నాడు. ఇద్దరూ హైమ మొహంలోకి చూశారు.

ఆవిడకు తండ్రి మాట చెవిలో వినిపిస్తూనే ఉంది, చేతులు కనబడేలా నిలబడాలని. కానీ ఆ చేతులు ఖాళీగా చూపించాక అవతలివాడు నరికితే? గిడ్డంగిలో ఉన్నవాళ్ళ పాపం చాలదూ, ఊరందరి పాపం కూడా తన మీద పడాలా? భయపడింది. భయపడినవాళ్ళు దాచుకోవడానికే చూస్తారు.

చెప్పొద్దు వలీ అంది. అతను తలూపి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న తండ్రికి స్నానం చేయిస్తుంటే తల్లి దగ్గరకొచ్చి, మేష్టారి శిష్యులు ఆయన్ని ఘనంగా పంపాలని చూస్తున్నారనీ, టపాకాయలు పేల్చొచ్చా అని అడుగుతున్నారనీ చెప్పింది. ఆ ప్రాంతంలో నిండు జీవితం గడిపిన పెద్దమనిషి పోతే డప్పులతో, టపాకాయలతో సాగనంపడం మర్యాద. అవి లేకపోతే దిక్కులేనివాణ్ణి మోసుకుపోయినట్టు. హైమ చెవుల్లో పడిందో లేదో, తలూపింది. బాంబుల రసాయనమంతా అరచేతిలో ఉన్న మనిషి, టపాకాయలకు తలూపింది. ఆవిడకే కాదు, ఎవరికీ తట్టలేదు. దండోరావాడు పొయ్యి అన్నాడు, బీడీ అన్నాడు, దీపం అన్నాడు. టపాకాయను నిప్పని ఎవరనుకుంటారు? అది మర్యాద కదా.

పాడె కదిలింది. ముందు హైమ నిప్పుకుండ పట్టుకుని నడిచింది. అందులో నిప్పు లేదు, నల్లటి బొగ్గులున్నాయి. నిప్పు మీద వేయించని పేలాలు పనికిరావని బియ్యమే చల్లారు. ఆడవాళ్ళు రుద్రభూమికి రాకూడదని ఎవరో గొణిగితే, కూతురు కొరివి పెడతంటే పెళ్ళాం రాకూడదేటని ఆదెమ్మ ముందుకు నడిచింది. వెనకాల గిడ్డంగి నుంచి తెచ్చిన పాడెలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. కొన్ని పాడెలు కావు, గుడ్డలో చుట్టి చేతుల మీద తెస్తున్నారు.

రుద్రభూమి సముద్రపు ఒడ్డునే. చితుల మధ్య నిలబడితే ఎదురుగా ఓడలు. హైమ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, ఆపెయ్ అంది.

ఎవరో అగ్గిపుల్ల గీశారు. అది వెలిగింది. ఇన్ని నెలల తర్వాత ఒక చిన్న పసుప్పచ్చటి మంట. జనంలోంచి ఒక్క మూలుగు లేచింది. కొందరు దణ్ణం పెట్టారు. పాత కట్టుమనిషొకడు, సభల్లో మేష్టారిని నోటికొచ్చినట్టు తిట్టినవాడు, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. హైమ కొరివి అంటించింది. నెయ్యి పోసిన కట్టెలు చిటపటమన్నాయి. ఒక్కొక్క చితే అంటుకుంటుంటే ఒంట్లోకి వెచ్చదనం పాకినట్టయి, వీళ్ళందరూ ఎంత చలిలో బతుకుతున్నారో ఆవిడకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఇక దీన్ని మళ్ళీ వెయ్యకూడదు అనిపించింది. ఒక్క క్షణం అలా నిజంగా అనుకుంది.

సరిగ్గా అప్పుడే బీచిరోడ్డు మీద టపాకాయల దండ పేలడం మొదలైంది.

శిష్యులు తమ మేష్టారికి ఏ లోటూ చెయ్యలేదు. రోడ్డు పొడుగునా దండలు పరిచారు. మూల పడి ఉన్న పెట్టెల్లోవన్నీ బయటకు తీశారు. చెవులు చిల్లులు పడే మోత. తారాజువ్వలు ఒకదాని వెనక ఒకటి ఈలేస్తూ లేచి సముద్రం మీద పగిలాయి. ఓడలున్న వైపే.

హైమ చేతిలో కొరివి జారిపోయింది. వద్దని అరిచింది, డప్పుల్లో ఆ అరుపు ఎవరికి వినబడుతుంది? పరిగెత్తబోయింది, ఇసకలో కాలు దిగబడింది. వాకీటాకీలో వలీ అరుస్తున్నాడు, ఏంటా చప్పుడు మేడమ్, ఎవరు కాల్చారు మేడమ్ అని. ఓడల మీద వాళ్ళూ అదే అడిగి ఉంటారు. నెలల తరబడి అగ్గిపుల్ల వెలగని ఊరు, ఉన్నట్టుండి పొగ లేపి, తమ మీదికి ఏవో వదులుతోంది. వాళ్ళకు మాత్రం భయం ఉండదా?

నల్లటి ఆకారాల మీద చిన్న మెరుపు మెరిసింది. చప్పుడు తర్వాత వచ్చింది. గుండు బీచిరోడ్డు మీద, టపాకాయలు కాలుస్తున్న కుర్రాళ్ళ మధ్య పడింది. అది పేలింది. డప్పులు ఆగిపోయాయి. అక్కడ ఇందాక ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మళ్ళీ మెరుపులు, ఈసారి వరసగా, ఓడ ఓడ నుంచీ.

హైమ వాకీటాకీ ఎత్తింది. ఆదెమ్మ రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుంది. ఏం జరగబోతోందో ఆవిడకు తెలిసిపోయింది.

"ఒక్క రవ్వాగే తల్లీ. మీ అయ్య సగమే కాలినాడు."

హైమ చితి వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది. ఆకాశంలో ఈలలు దగ్గరపడుతున్నాయి.

"వేసెయ్ వలీ" అంది.

అన్ని చితులూ ఒక్కసారే ఆగిపోయాయి. ఎవరో దుప్పటి కప్పినట్టు మంటలు మాయమై, పొగ మాత్రం కాసేపు అలా నిలబడి చెదిరిపోయింది. ఆ వెనకే ఫిరంగి గుళ్ళు పడ్డాయి. ఇసకలో దబ్బుమని, ఇళ్ళ కప్పుల్లోంచి, గోడల్లోంచి, బడి ఆవరణలో. ఒక్కటీ పేలలేదు. పడుతూనే ఉన్నాయి. జనం నేలమీద బోర్లా పడుకుని చెవులు మూసుకున్నారు. చాలాసేపటికి అవతలివాళ్ళకే విసుగెత్తి ఆగారు.

ఊరు బతికింది. కల్నల్ పరుగున వచ్చి హైమ చేతులు పట్టుకుని, మీరు సమయానికి వెయ్యకపోతే ఊరు ఉండేది కాదన్నాడు. అప్పటికే రేడియో మొదలుపెట్టింది. తటస్థమని చెప్పుకున్న దేశం ముందుగా తమ ఓడల మీద కాల్పులు జరిపిందని తూర్పు కూటమి ప్రకటించింది. తటస్థదేశం మీద తూర్పు కూటమి దాడి చేసిందని ఉత్తరపు కూటమి ప్రకటించింది. మధ్యాహ్నమయ్యేసరికి యుద్ధం అన్న మాట అందరూ అనేశారు. కొండల అవతల, కట్టు లేనిచోట, ఊళ్ళ మీద విమానాలు బాంబులు వేస్తున్నాయని కబురొచ్చింది. పిన్నిగారి ఊరు కాలుతోందట.

వలీ కొండ దిగి వచ్చి, ఒక ఇంటి గోడలో సగం దిగబడ్డ గుండు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవి ఆనించి విన్నాడు. తర్వాత ఇంకో దాని దగ్గరికి వెళ్ళాడు, ఇంకో దాని దగ్గరికి. వచ్చి హైమను పక్కకు పిలిచాడు.

గుళ్ళు చావలేదని చెప్పాడు. లోపల చిన్న బ్యాటరీ ఉంది, అది మందుకు నిప్పు రాజేస్తూనే ఉంది, టిక్కుటిక్కుమని వినబడుతోంది. కట్టు ఉంది కాబట్టి అంటుకోవడం లేదు. కట్టు తీసిన క్షణాన ఊరంతా ఒక్కసారే పేలుతుంది. ఇళ్ళ పునాదుల్లోకి దిగినవి ఎన్నో, ఇసకలో కూరుకున్నవి ఎన్నో. హద్దు దాటించబోతే మోసేవాడి చేతుల్లోనే పేలతాయి. బ్యాటరీలు మన బతుకుల్లో అయిపోతాయో లేదో చేసినవాడికే తెలియాలి.

హైమ తలూపింది. ఆవిడకు ఇది వలీ చెప్పకముందే, మొదటి గుండు ఇసకలో దబ్బుమన్నప్పుడే ఎక్కడో తెలిసింది. ఇప్పుడు పూర్తిగా తెలిసింది. హద్దు బయట మంట, హద్దు లోపల చలి. ఆపడానికి లేదు, పోవడానికి లేదు.

రుద్రభూమిలో జనం ఎవరి చితి దగ్గర వాళ్ళు కూలబడి ఉన్నారు. ఆదెమ్మ మేష్టారి చితి పక్కన ఇసకలో చతికిలబడి, కొంగుతో కట్టెల మీది బూడిద తుడుస్తోంది. కూతురు వచ్చి పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"మల్లీ ఎప్పుడు ఎలిగిత్తావే?" అని అడిగింది.

చుట్టుపక్కలవాళ్ళు అందరూ ఆ జవాబు కోసమే చూస్తున్నారు. హైమకు అబద్ధం నోటిదాకా వచ్చింది. రేపో ఎల్లుండో అనొచ్చు. ఇన్నాళ్ళూ దాచినవి చాలనుకుంది.

"ఇంక వెలిగించలేనమ్మా. ఎప్పటికీ" అంది. కారణం అందరికీ వినబడేలా చెప్పింది. గుళ్ళ సంగతి చెప్పింది. కుందేళ్ళ సంగతి చెప్పింది. గిడ్డంగిలో ఉన్నవాళ్ళూ, నాన్నా ఎందుకు పోయారో చెప్పింది. ఎవరూ ఆవిణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. ఒకడు లేచి పారతో ఇసక తవ్వడం మొదలుపెట్టాడు. వలీ వెళ్ళి ఇంకో పార అందుకున్నాడు. ఇంతకాలం పూడ్చమంటే గోల పెట్టినవాళ్ళే ఒక్కొక్కరూ లేచి తమవాళ్ళకు గోతులు తవ్వుకున్నారు.

మేష్టారి మీద ఆఖరి ఇసక పడేదాకా ఆదెమ్మ చూస్తూ కూర్చుంది. తర్వాత చీరకొంగు భుజాల చుట్టూ బిగించుకుని, నెమ్మదిగా అంది.

"రెండ్రోజుల్నుంచి నాకూ సలేస్తందే అమ్మీ. నీకు సెప్తే బెంగెట్టుకుంటావని సెప్పనేదు."

హైమ తల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. నడినెత్తిన ఎండ మాడ్చేస్తోంది, ఇసక మీద కాలు పెట్టలేనంత వేడిగా ఉంది. ఎంత రుద్దినా ఆ చేతులు వెచ్చబడలేదు.